చౌరస్తా కెమెరా

లేబర్ క్యాంపులో దయ్యాల కబుర్లు మొదలైతే నేను ముందే దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. అవి ఉన్నాయని ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం సంగతీ కాదు. ఇందులో ఎవరూ చనిపోలేదు.

నేను గల్ఫ్‌లో, అల్ రయ్యాన్ అనే ఊళ్ళో, ఒక కంపెనీ స్టోర్‌లో పని చేస్తాను. నా భార్య తమ్ముడు గంగరాజు చాలాకాలం నా గదిలోనే, నా పై మంచం మీదే పడుకున్నాడు. ఇద్దరం పోలండ్ వీసాకు పెట్టుకున్నాం. వాడికి వచ్చింది, నాకు రాలేదు.

వాడు అక్కడ పుట్టగొడుగుల ఫారంలో చేరాడు. ఆ చిన్న ఊరి మున్సిపాలిటీకి ఒక వెబ్‌సైట్ ఉంది. అంతా పోలిష్ భాషే. ఫోన్ దాన్ని వచ్చీరాని తెలుగులోకి మార్చి చూపించేది. చెత్త బండి వచ్చే రోజులు, నీళ్ళు రాని వీధులు, లైబ్రరీ వేళలు. అన్నిటికీ అడుగున చౌరస్తా కెమెరా. అక్కడ జరుగుతున్నది అప్పటికప్పుడు కనిపించేది. ఆదివారాలు వాడు చౌరస్తా బిల్డింగు మీది గడియారం కింద నిలబడి, చెయ్యెత్తి, ఫోన్ చేసేవాడు.

"కనబడ్డనా బావా?"

"కనబడ్డవ్. టోపీ పెట్టుకో, చెవులు ఊడి చేతికొస్తయ్."

"నువ్వు గూడ రా, నీకొకటి కొనిపెడ్త."

వాడు ప్రేమగానే అన్నాడు. నాకది ఎగతాళిలా వినిపించింది. ఓర్వలేకపోయాను, అంతకంటే మర్యాదగా చెప్పడానికి మాట లేదు. వాడి ఫోన్లు ఎత్తడం మానేశాను. కొన్నాళ్ళకు వాడూ చేయడం మానేశాడు. నేను కెమెరా కూడా చూడలేదు. కానీ ఆ ఊరి ప్రకటనలు మాత్రం రోజూ చదివేవాణ్ణి. లైబ్రరీ వేళలు నోటికి వచ్చేశాయి. నేను వెళ్ళలేని ఊరి మీద కడుపుమంట అలా ఉండేది.

చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, ఎందుకో కెమెరా తెరిచాను. చౌరస్తా నిండా మంచు. గడియారం కింద బెంచీ మీద గంగరాజు. ఒంటి మీద మా కంపెనీ పాత నారింజరంగు జాకెట్. తల మీద టోపీ లేదు. కెమెరా వైపే చూస్తున్నాడు. చెయ్యెత్తుతాడేమోనని ఆగాను. ఎత్తలేదు. నేనే ఫోన్ చేశాను.

"టోపీ ఏదిరా? మంచుల ఆ బెంచీ మీద ఏం జేస్తున్నవ్?"

కాసేపు దగ్గు వినిపించింది. "చూస్తున్నవా బావా? చూస్తవనే ఈడ కూసున్న."

జ్వరంతో డ్యూటీకి పోకపోతే ముందు రోజు గది ఖాళీ చేయించారట. రాత్రంతా బస్టాండులో ఉన్నాడట. ఎక్కడికి పోవాలో తెలియదన్నాడు. నాకు తెలుసు.

"ఆ గడియారం బిల్డింగులనే లైబ్రరీ ఉంది. ఇయ్యాల సాయంత్రం దాక తెరిచే ఉంటది. లే, లోపలికి పో. యల్లా, జల్ది."

వాడు తలుపు తోసేదాకా ఫోన్ పెట్టలేదు. లైబ్రరీలో ఉన్నావిడ వాణ్ణి చూసి అంబులెన్స్ పిలిచింది. న్యుమోనియా. ఇంకాస్త ఆలస్యమైతే బతికేవాడు కాదన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో ఉండగా ఫోన్‌లో క్షమించమని అడిగాను. "ముందుగాల ఫోన్ ఎత్తుడు నేర్చుకో" అన్నాడు.

కోలుకుని, అదే ఊళ్ళో వేరే పనిలో చేరాక, చౌరస్తా ఫోటో పంపాడు. కెమెరా ఉండాల్సిన గోడకు మేకుల కంతలు తప్ప ఏమీ లేవు. గోడ రిపేరు కోసం మంచు మొదలవకముందే తీసేశారని లైబ్రరీ ఆవిడ చెప్పిందట. వెబ్‌సైట్‌లో వెతికితే ఆ ప్రకటన కనిపించింది. రోజూ చదివే నా కంట అదెలా పడలేదో తెలియదు.

ఆ శుక్రవారం పక్క మంచం మీద టీ తాగుతూ కూర్చున్న హైదరాబాద్ ఖాజా భాయ్‌ని, అప్పుడు నా ఫోన్‌లో ఏం కనిపించిందని అడిగాను. "నీ ఫోన్‌ల ఏం లేకుండె భాయ్. తెల్ల కాగితం లెక్క ఉండె. నువ్వు దాన్నే చూస్కుంట మాట్లాడినవ్" అన్నాడు.

వాడికి టోపీ లేదని నాకెలా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఈమధ్య కెమెరా మళ్ళీ బిగించారు. ఆదివారం గంగరాజు గడియారం కింద నిలబడి చెయ్యెత్తుతాడు. తెర మీద చక్కగా కనిపిస్తాడు. అయినా ఫోన్ చేసి, అక్కడే ఉన్నావా అని అడుగుతాను.

"కనబడుతనే ఉన్న గద బావా, మళ్ల అడుగుడెందుకు?" అంటాడు.