మావయ్య కత్తి మీది నంబరు

మా వీధి మావయ్య పోయాడన్న కబురు నాకు ఝపటాపూర్‌లో స్టిక్కర్లు కోసే షాపు ముందు అందింది. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి ఒరిగిపోయాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటికే నా చేతిలో ఆయన కోసం కోయించిన స్టెన్సిల్ ఉంది. వేలెడంత ముక్క మీద నాలుగంకెలు. రైల్వే వర్క్‌షాపులో హాజరు కోసం ఆయనకిచ్చిన టికెట్ నంబరు. షాపతను ఇంకోటి కొయ్యమంటారా అని అడిగాడు.

ఈ నాలుగు మాటలూ ఏడుస్తూ రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. సంతాప సభలో గిన్నెల షాపు యజమాని మైకు పట్టుకుని, మావయ్య చేతిలో దేవుడున్నాడన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ ఆ చేతిని ఈయన అడిగింది ఒక్కటే. ఆయన చేసే కత్తుల మీద ఏ గుర్తూ వెయ్యకుండా నున్నగా ఇచ్చెయ్యమని, మీద తను ఫారిన్ పేరేదో వేసుకుంటానని. ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో మన తెలుగాయనే. అందుకే ఇంకా మండింది.

మావయ్య నాకు చుట్టం కాడు, వీధి వరసే. వర్క్‌షాపులో కమ్మరి పని చేసి రిటైరయ్యాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు ఖాళీ చేసి మా వీధిలో రెండు గదుల ఇంటికి వచ్చాడు. సామాను సర్దకముందే పెరట్లో కొలిమి పెట్టాడు. లారీ కమాను పట్టీల ఉక్కుతో చేపలు కోసే కత్తులు చేసేవాడు. చేసిన ప్రతి కత్తినీ జనపనార తాడు మీద పరీక్షించేవాడు. తర్వాత వైస్‌లో బిగించి కాస్త వంచి వదిలేవాడు. తిన్నగా వెనక్కి వస్తేనే పిడి దగ్గర తన నంబరు వేసేవాడు. రాకపోతే తిరిగి కొలిమిలోకే.

నంబరు వెయ్యడానికి మొదట్లో అంకెల పంచ్‌లూ సుత్తీ వాడేవాడు. చిక్కేమిటంటే, ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే పంచ్ దిగుతుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాక కొడితే పగులుతుంది. కానీ గట్టిపడకుండా పరీక్షించేదెలా? పరీక్షించకుండా నంబరు వెయ్యడానికి ఆయనకి చెయ్యి రాదు. ఒకరోజు మొండిగా గట్టిపడ్డ కత్తి మీదే కొట్టాడు. చివరి ఏడు అంకె దగ్గర నిలువునా చీలింది.

అప్పుడు సుత్తి లేకుండా కరెంటుతో అంకెలు చెక్కే ఎచింగ్ మిషన్ సంగతి నేనే ఎత్తాను. నేను పెద్ద చదువులు చదవలేదు. సభల్లో పంచే కరపత్రాలూ, తోపుడుబండి మీద దొరికే పాత చిన్న పుస్తకాలూ నా చదువు. అలాంటి ఒక పుస్తకంలోనే చూశాను, ఉప్పునీళ్ళూ కరెంటూ కలిసి ఉక్కుని తినేస్తాయని. ఆన్‌లైన్‌లో మెరిసిపోయే ఒక డబ్బా చూపించాను. మావయ్య బొమ్మ వైపు చూడనే లేదు. వోల్టేజీ తగ్గించుకోవచ్చా, ఏసీ డీసీ రెండూ వస్తాయా, ఫ్యూజు ఉందా అని అడిగాడు. దానికి డీసీ ఒక్కటే ఉంది. ఇంకోదానికి వోల్టేజీ మారదు. విసుగొచ్చి, పాత ఫోన్ చార్జరు కోసి నేనే ఒకటి తయారుచేసి పట్టుకెళ్ళాను.

“తడి సేత్తో ముట్టుకునే పనిరా ఇది,” అన్నాడు. “ఫ్యూజు లేని డబ్బా నా ఇంటికి తేకు. మీ అత్త ఒక్కర్తీ ఐపోతాది.”

చివరికి మిషన్లు రిపేరు చేసే ఒక బెంగాలీ దాదా చేత ట్రాన్స్‌ఫార్మరు, ఫ్యూజు, ఏసీ డీసీ స్విచ్చి పెట్టించి ఒక రేకు డబ్బా కట్టించుకున్నాం.

దాని పని నేనే ఆయనకి నేర్పుతాననుకున్నాను. వారంలో ఆయనే నాకు నేర్పాడు. ముందు స్పిరిట్‌తో కత్తి తుడవాలి, వేలిముద్ర కూడా మిగలకూడదు. స్టెన్సిల్ గాలి లేకుండా అంటించాలి. కత్తికి ఒక క్లిప్పు, కార్బన్ ముక్కకి ఇంకో క్లిప్పు. కార్బన్‌కి గుడ్డ చుట్టి, ఉప్పునీళ్ళలో తడిపి, అంకెల మీద అద్ది తియ్యాలి. అద్దినప్పుడల్లా “ఏక్, దుయి, తీన్” అని బెంగాలీలో లెక్కపెట్టేవాడు, వర్క్‌షాపు అలవాటు. డీసీ లోతుగా తవ్వుతుంది, తర్వాత ఏసీ నలుపు పట్టిస్తుంది. ఆఖర్న సోడా నీళ్ళతో కడిగి నూనె రాయాలి, లేకపోతే మర్నాటికే తుప్పు. ఒకసారి నేను తొందరలో అద్ది అలాగే నొక్కి పట్టుకున్నాను. వేడికి స్టెన్సిల్ లేచిపోయి అంకె అలుక్కుపోయింది. “నీ ఆత్రం కత్తికంటిస్తన్నావేటి?” అని నవ్వాడు.

మేం పోట్లాడుకున్నది ఒక్కసారే. నంబరు బదులు ఆయన పేరు తెలుగులో కోయించి తీసుకెళ్ళాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నిన్ను నంబరుగానే చూశారు, ఇప్పుడైనా మనిషిలా పేరు వేసుకో అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన స్టెన్సిల్ వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు.

“మా వర్క్‌షాపులో నా పేరుగలోళ్ళం ఏడుగురం రా. అందరం ఇజీనారం వైపోళ్ళమే. కత్తి ఇరిగిందని ఓడైనా వొస్తే ఎవుణ్ణి తిడతాడు? నంబరైతే నానొక్కణ్ణే.”

“తిట్లు తినడానికా ఇంత పని?”

“మరేటి? తిట్టడానికొచ్చినోడికి తిన్నగా కనబడాలనే కదా, అంకెలు ఆడి వైపు తిప్పి ఏస్తన్నాను.”

నేను ఆయన్ని బానిస అన్నాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే నేను అబద్ధాలకోరుని. రెండు వారాలు ఆ గుమ్మం తొక్కలేదు. తర్వాత ఆయనే మా గుమ్మంలోకి వచ్చి, కార్బన్‌కి చుట్టిన గుడ్డ అరిగిపోయింది, ఏ గుడ్డ వెయ్యాలో చెప్పమన్నాడు. ఆయనకి తెలియని గుడ్డ కాదది.

పన్నెండో రోజు భోజనాలయ్యాక గిన్నెల షాపాయన సంచీ పట్టుకుని వచ్చాడు. కొలిమి పక్క తొట్టెలో నంబరు లేని కత్తులు తొమ్మిది మిగిలాయి, అందులో రెండు గుడ్డలో చుట్టి ఉన్నాయి. గుర్తులేని సరుకు ఇంకెవరు కొంటారు, తనకే ఇచ్చెయ్యమన్నాడు. అత్త నా వైపు చూసింది. రేపు రమ్మన్నాను. ఆయన గేటు దాటగానే మిషన్ తీశాను. తొమ్మిదింటి మీదా మావయ్య నంబరు వేశాను. ఏక్, దుయి, తీన్. కత్తికొకటి చొప్పున ఆ దొంగ ఫారిన్ పేరుకి తలుపు మూస్తున్నట్టే అనిపించింది. ఒక్క అంకె కూడా అలుక్కుపోలేదు. నాకెంత గర్వమో.

అత్త టీ తెచ్చి, కత్తులు చూసి ఆగిపోయింది.

“గుడ్డలో సుట్టిన రెండూ ఏవిరా? అయ్యి మీ మావ ఇంకా సూడలేదు.”

వైస్‌లో పెట్టాను. మొదటిది వంచి వదిలితే తిన్నగా వచ్చింది. రెండోది వంగి అలాగే ఉండిపోయింది. దాని ఉక్కు గట్టిపడనే లేదు. చచ్చిపోయిన మనిషి చేత నేను అబద్ధం చెప్పించాను. గిన్నెల షాపాయన అడిగిందీ ఇదే కదా, తనది కాని దాని మీద పేరు. ఆయన లాభం కోసం అడిగాడు. నేను న్యాయం కోసమని చేశాను. ఆ కత్తి కొన్నవాడికి తేడా ఏమిటి?

మర్నాడు ఆయన వచ్చి నంబర్లు చూసి మొహం మాడ్చుకున్నాడు. అంకెలు అరగదీయించుకుంటానన్నాడు. “నంబరుతోటే తీసుకెల్లు బాబూ, లేపోతే వొద్దు,” అంది అత్త. ఆయన ఖాళీ సంచీతో వెళ్ళాడు. ఎనిమిది కత్తులు చేపలమ్మే దీదీల దగ్గరికి చేరాయి.

తొమ్మిదోది వంపు తీసి, నంబరు చెరిపేద్దామని సానరాయి మీద పెట్టాను. లోతుగా తవ్వడం ఆయనే నేర్పాడు, అంత తేలిగ్గా పోతుందా. అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మళ్ళీ కాల్చి గట్టిపరచమంది, వంచి చూసి బాగుంటే నా నంబరే వేసుకోమంది.

“నీ నంబరేటి?” అనడిగింది.

నేను విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో కాంట్రాక్టు కూలీని. కాంట్రాక్టరు మారినప్పుడల్లా గేటు పాసు మారుతుంది, దాని మీది అంకె కూడా. నేను చేసిన ముక్క విరిగితే ఎవడూ నన్ను వెతుక్కుంటూ రాడు, రాలేడు. నంబరు బానిసత్వమని ఆయనకి పాఠం చెప్పినవాణ్ణి నేను. లేదత్తా అన్నాను.

ఆ కత్తి ఇప్పుడు మా కిటికీలో ఉంది. మూడంకెలు పోయాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆఖరి ఏడు మాత్రం ఇంకా సన్నగా కనబడుతుంది, నా వైపు తిరిగి, తిన్నగా. దాని కింద, నా నంబరు ఉండాల్సిన చోట, ఉక్కు ఖాళీగా మెరుస్తోంది.