గురువారం అనే ఇంటిపేరు

బహ్రెయిన్‌లో మహూజ్ అనే పేటలో మేమున్న బిల్డింగు పై అంతస్తులో, నా చిన్నప్పుడు, ఒక నర్సు ఆంటీ ఉండేది. ఆవిడది కరీబియన్ సముద్రంలో ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన దీవి. మా నాన్నకు అస్కర్ దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీలో డ్యూటీ. అమ్మ ఆంటీ ఇంట్లో పని చేసేది. బడి వదలగానే నేను నేరుగా అక్కడికే వెళ్ళి, భోజనాల బల్ల దగ్గర హోంవర్కు చేసుకునేదాన్ని.

ఆంటీ ఇంటిపేరుకి ఫ్రెంచిలో గురువారం అని అర్థం. దాని ముందు ‘ద’ అని చిన్న ముక్క ఉండేది. ఆ ముక్క ఉంటే గొప్పింటివాళ్ళనడానికి గుర్తట. ఫ్రాన్సు నుంచి ఒక ఓడ కెప్టెను గురువారం నాడు ఆ దీవిలో దిగాడనీ, ఆయనే తమ మూలపురుషుడనీ వాళ్ళ తాత చెప్పేవాడట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆంటీ ఆ సంగతి చెప్పేది.

నేనూ తగ్గలేదు. మావాళ్ళు జమీందార్లని చెప్పాను. నిజానికి మా ఇంటిపేరు పిల్లి. బడిలో తెలుగు పిల్లలు నన్ను చూస్తే మ్యావ్ అనేవాళ్ళు. ఆ ఏడు మా టీచరు, ఎవరి ఇంటిపేరు ఎలా వచ్చిందో ఒక పేజీ రాసుకు రమ్మంది. నేను కోటలూ ఏనుగులూ పెట్టి, పేరు కూడా మార్చి రాశాను. అందులో ఇంగ్లీషు తప్పులు ఆంటీయే దిద్దింది.

ఆ వారంలోనే ఆంటీకి ఉత్తరం వచ్చింది. ఆ దీవిలోనే ఉంటున్న వాళ్ళ పిన్ని, రిటైరైన పంతులమ్మ, పాత రికార్డులు వెతికించి నకలు పంపింది. ఆంటీ నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కుర్చీలో కూర్చుంది. అమ్మ తడిచేతులతోనే వంటింట్లోంచి వచ్చింది.

కెప్టెనంటూ ఎవరూ లేరు. బానిసత్వం రద్దయినప్పుడు, చెరకు తోటల్లో పనిచేసే ఇంటిపేరు లేని మనుషులను వరసగా నిలబెట్టి, ఒక గుమాస్తా పేర్లు రాశాడు. ముందున్న మనిషికి బుధవారం. ఆంటీ ముత్తవ్వ తల్లికి గురువారం. వెనకాల ఉన్నామెకు శుక్రవారం. ముత్తవ్వ తల్లి చంకలో ఉన్న బిడ్డకు తండ్రి పేరు రాయాల్సిన గడి ఖాళీ. తోట యజమాని ఫ్రెంచివాడు, అతనే అయ్యుండొచ్చని పిన్ని రాసింది గానీ, రుజువు లేదు. ‘ద’ మాత్రం ఎక్కడా లేదు. అది తాత తగిలించుకున్నది.

అమ్మకు ఏం చెప్పి ఓదార్చాలో తెలియలేదు. “మాలోనూ ఉంది మేడమ్. మా మేనమామ గురువారం పుట్టాడని గురవయ్య అని పెట్టారు” అంది.

“ఆయనకు ఆ పేరు వాళ్ళమ్మ పెట్టింది,” అంది ఆంటీ. “మా అవ్వకి పెట్టింది ఆమె మొహం కూడా సరిగ్గా చూడని మనిషి.”

అమ్మే మళ్ళీ, “ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? అలాగే ఉండనివ్వండి” అంది.  ఆంటీ లేచి, తలుపు మీద తన పేరు రాసి ఉన్న అట్టముక్క తీసేసి, ఇంకో అట్ట మీద ‘ద’ లేకుండా పేరు రాసి పెట్టి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నా పేజీ బల్ల మీద ఆవిడ ఎదురుగానే ఉంది. నేను ఉండబట్టలేక, “మావాళ్ళు జమీందార్లు కాదు. మా ఇంటిపేరుకి పిల్లి అని అర్థం” అన్నాను. అమ్మ నా వంక కొరకొరా చూసింది. ఆంటీ నవ్వలేదు.

“పిల్లి అని ఎందుకొచ్చింది?” అని అమ్మనడిగింది.

“ఏమో మేడమ్. మా మావగారికే తెలీదు.”

“అయితే తెలీదనే రాయి,” అంది నాతో. “ఖాళీగా ఉన్నచోట నీకు నచ్చింది పెట్టకు. మా తాత చేసింది అదే.”

నా పేజీ నాలుగు వాక్యాలైంది. క్లాసులో చదువుతుంటే మ్యావులు వినిపించాయి. చెవులు కాలిపోతున్నా చివరిదాకా చదివి కూర్చున్నాను. పదికి నాలుగు మార్కులొచ్చాయి. ఆంటీ ఆ మార్కులు చూసి నాకంటే ఎక్కువ నొచ్చుకుంది. కానీ ఇంకోలా రాయాల్సిందని మాత్రం అనలేదు.

తరవాత రెండేళ్ళకు ఆవిడ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయింది. నేను పెళ్ళయ్యాక కూడా బహ్రెయిన్‌లోనే ఉండిపోయాను, ఇప్పుడు నాకు అరవై దగ్గర పడ్డాయి. మొన్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, “అత్తా, మన ఇంటిపేరు ఎలా వచ్చింది?” అని అడిగింది. తెలీదన్నాను. ఆ మాట అనడానికి నాకు సిగ్గు వెయ్యలేదు.

గుమాస్తా ముందు నిలబడ్డ ఆ అవ్వకు సొంత పేరు ఒకటి ఉండేది. అదీ ఆ నకలులో ఉంది. ఆంటీ ఆరోజు దాన్ని ఒక్కసారి పైకి చదివింది. నాకు గుర్తులేదు. ఏదో ఒక పేరు పెట్టి ఈ సంగతి చెబితే వినడానికి బాగానే ఉంటుంది. నాకు మనసొప్పదు.