తెర మీద ఎనభై రెండు

మా లారీలు కామారెడ్డిలో ఎడమకు తిరిగేసరికి తెల్లవారుతోంది. వాన ఆగలేదు. ఎల్లారెడ్డి దాకా రెండు చోట్ల వాగులు రోడ్డు మీదికి పొర్లాయి. తాడు పట్టుకుని లారీకి ముందు నడిచాం. తొంభైల చివరి మాట. వరద డ్యూటీ. నేను సిగ్నల్స్ హవల్దారును. సరిహద్దులో మంచు చూశాను, కాల్పులు చూశాను. పుట్టిన పెద్దకొడప్‌గల్‌కు ఇంత దగ్గరలో యూనిఫాంతో తిరగడం మాత్రం అదే మొదటిసారి. ఈ డ్యూటీ గురించి ఊళ్లో ఎవరు అడిగినా మాట మార్చేసేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను.

కంట్రోల్ ఎల్లారెడ్డిలో ఒక బడిలో పెట్టారు. మా పోస్టు నిజాంసాగర్‌కు దిగువన, మంజీర ఒడ్డున ఒక చిన్న ఊరు. మాకిచ్చింది ఒక రబ్బరు పడవ, రెండు వైర్‌లెస్ సెట్లు. సెట్లు కొత్తవి, పరీక్ష కోసం ఇచ్చినవి. లోపల చిన్న కంప్యూటర్. బ్యాటరీలో నూటికి ఎంత మిగిలిందో అంకె వేసి చూపిస్తుంది. పాత సెట్లకు ముల్లు ఉండేది. దాని వాలకం చూసి బ్యాటరీ సంగతి చెప్పేవాళ్లం. ఇది వణకదు, వాలదు. అంకె వేస్తుంది, అంతే.

రాత్రి కరెంటు పోయి ఒక బ్యాటరీయే నిండింది. మెకానిక్ రెండింటినీ ఛార్జింగు నుంచి తీసి సెట్లలో వేసి పంపాడు. పొద్దున ఒక సెట్టు ఎనభై రెండు చూపించింది. రెండోది తొమ్మిది. ఎక్కువ ఛార్జి ఉన్నది దూరం పోయేవాడికివ్వాలి. అది ఆర్డరు. ఎనభై రెండు పడవలో పోయే వైర్‌లెస్ ఆపరేటరు వీపుకెక్కింది. అతను డోంగ్లి వాడు. ఇక్కడి భాష తెలుసని మమ్మల్నిద్దరినీ ఈ పోస్టుకు వేశారు. తొమ్మిది నా దగ్గర, ఒడ్డున ఉండిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి ఆపరేటరునూ, పడవ నడిపే జవానునూ ఎక్కించుకుని పడవ పోయింది. ఏటి నడిమి గడ్డ మీద ఒక మోటారు షెడ్డు. దాని కప్పు మీద మనుషులు. నాకు దుర్బిణిలో కనబడుతున్నారు. మొదటి కబురు స్పష్టంగా వచ్చింది.

"అన్నా, ముగ్గురున్నరు. అవ్వ, బిడ్డ, మనుమరాలు. అవ్వ మేకలనిడిచి రానంటున్నది."

"జల్ది తే తమ్మీ. పైన నీళ్లు నిండుతున్నయట."

"ఎట్లనన్న జేసి తెస్త."

నేను వాచీ చూసుకున్నాను. అప్పుడే నా సెట్టు తెర మీద చూపు పడింది. తొమ్మిదే. పొద్దున్నుంచి గంటగంటకూ కంట్రోల్‌తో మాట్లాడుతూనే ఉన్నాను. ఈపాటికి సెట్టు చచ్చిపోవాలి. మాట మాత్రం గణగణమంటోంది. బ్యాటరీ ఊడదీసి, లారీ బల్బు పీకి, తీగ కలిపాను. బల్బు తెల్లగా వెలిగింది. ఎంతసేపు చూసినా ఎర్రబారలేదు. నిండు బ్యాటరీ.

సెట్లో రాసిన ప్రోగ్రాములోనే తప్పుంది. బ్యాటరీ మార్చినా అది పాత బ్యాటరీ అంకెనే పట్టుకుని కూర్చుంది. నా సెట్లో తొమ్మిది అబద్ధమైతే పడవలో ఎనభై రెండు కూడా అబద్ధమే. నిండినది నా దగ్గరుందంటే అక్కడున్నది ఖాళీ కావొచ్చిన బ్యాటరీ.

బ్యాటరీ మళ్లీ సెట్లో వేసి వెంటనే పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. ఏడుసార్లో ఎనిమిదిసార్లో పిలిచాను. సంగతి చెప్పాల్సిన దారి ఒక్కటే. అదే చచ్చిపోయింది. అంత నిస్సహాయంగా నేను కాల్పుల్లో కూడా ఎప్పుడూ లేను.

కంట్రోల్ పలికింది. "ఒడ్డు పోస్టు, విను. అరగంటలో డ్యాం గేట్లు లేపుతున్నారు. పడవ నీళ్లలో ఉండకూడదు."

"సాబ్, పడవ సెట్టు చచ్చింది. కొంచెం ఆపించండి."

"పైన కట్ట ఆగేలా లేదు. ఆపడం మన చేతిలో లేదు."

ఒడ్డు మీద ఎత్తున మసీదు. మైకు గుర్తొచ్చింది. పరుగెత్తాను. అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ పెద్దాయన, మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"కరెంటు లేదు బిడ్డా. బ్యాటరీ మీద నడుస్తది. ట్రాక్టర్‌ది ఇప్పుకొస్త, ఉండు."

ఆయన తడిసిన లుంగీతో బ్యాటరీ భుజాన వేసుకొచ్చాడు. తీగలు కలిపి, మైకు నా చేతికిచ్చాడు. గొంతు చిరిగేలా అరిచాను. "గేట్లు లేపుతున్నరు. అరగంటనే ఉన్నది. అవ్వను ఎత్తుకోని వచ్చెయ్ తమ్మీ. మేకలు పోతె పోనియ్." అదే మాట మళ్లీ మళ్లీ. గాలి ఎదురు. వాన ఎదురు.

పడవ కదిలింది. నా ప్రాణం లేచొచ్చింది. దుర్బిణిలో చూస్తే పడవ నడిపేవాడు, బిడ్డ, మనుమరాలు. అంతే. ఆపరేటరు కప్పు మీదే ఉన్నాడు, అవ్వ పక్కన. పడవ ఒడ్డుకు తగిలేలోపే నేను నీళ్లలోకి దిగి పడవవాడి చొక్కా పట్టుకున్నాను.

"వాణ్ణెందుకు ఇడిచొచ్చినవ్?"

వాడు హిందీలో చెప్పాడు. "మైకులో గేట్లు అన్నది వినబడింది. ఎప్పుడో వినబడలేదు. సెట్లో కనుక్కుంటానన్నాడు. ముందు వీళ్లను దింపి రమ్మన్నాడు. సెట్టు పనిచేయడం లేదేమో అన్నాను. ఎనభై రెండు ఉందిగా, అని చూపించాడు."

మాట పంపలేనంత తగ్గినా తెర వెలగడానికి సరిపడా ఛార్జి ఉంది. మా ఆపరేటరును నమ్మించడానికి అది చాలింది. మేం పడవ వెనక్కి తిప్పాం. సగం దూరం పోకముందే నీళ్ల రంగు మారింది, ఎర్రగా. చప్పుడు తర్వాత వచ్చింది. పడవ గిర్రున తిరిగి మమ్మల్ని దిగువన తుమ్మచెట్లలోకి విసిరింది. తల తిప్పి చూసేసరికి షెడ్డు లేదు.

మూడో నాడు అతను దొరికాడు. అవ్వ దొరకలేదు. సెట్టు వీపుకే ఉంది. మెకానిక్ ఏడుస్తూ దాన్ని తుడిచి, ఆరబెట్టి, నిండు బ్యాటరీ వేశాడు. తెర వెలిగింది. ఎనభై రెండు. నేను దాన్ని లాక్కుని గోడకేసి కొట్టాను.

వచ్చిన దారినే కామారెడ్డి మీదుగా వెనక్కి వెళ్లాం. లారీలో అతని చోటు ఖాళీగా ఉంచారు. తర్వాత వర్క్‌షాపులో కొత్త ప్రోగ్రాము ఎక్కించారు. ఒక్క పూట పని.

మీ చేతి ఫోన్లలో ఇప్పుడు అలాంటి అంకే ఉంటుంది. మా మనవడు చూసి చెబుతుంటాడు, ఇంకా చాలా ఉంది తాతా అని. నేను లేచి బయటికి పోతాను. నాకు అప్పుడు కనబడేది అంకె కాదు. దుర్బిణిలో కప్పు మీద నిలబడ్డ మనిషి. ఒక చెయ్యి అవ్వ భుజం మీద. రెండో చేత్తో సెట్టు రిసీవరు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నన్నే అడుగుతున్నాడు, ఇంకెంతసేపుందన్నా అని. జవాబు కోసం ఆగి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ అడుగుతున్నాడు.