ఏడో పాఠం చెప్పిన మనిషి

దయ్యాల గురించి నేను చదివినన్ని పుస్తకాలు మా వీధిలో ఎవరూ చదివి ఉండరు. గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాకే, ఇవేవీ నమ్మదగ్గవి కావని తేల్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది దయ్యం గురించని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో బండలు పాలిష్ చేసే యూనిట్‌లో పనిచేస్తాను. నలభై దాటాక దూరవిద్యలో బీఏ చేరాను. ఆదివారం తరగతుల్లో అంగన్‌వాడీ టీచరు సుజాతమ్మ, ఎలక్ట్రీషియన్ బాషా, నేను ఒక జట్టయ్యాం. క్లాసులయ్యాక కాలేజీ వెనక వరండాలో కూర్చునేవాళ్లం.

మా పద్ధతి ఒకటుండేది. పాఠాలు పంచుకుంటాం. ఎవరి పాఠం వాళ్లు పుస్తకం చూడకుండా మిగతా ఇద్దరికీ చెప్పాలి. వినేవాళ్లు పేజీ పైన తేదీ, చెప్పినవాళ్ల పేరు రాసుకోవాలి.

గణాంకాల పేపరు సుజాతమ్మ అప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ పోతే అడ్మిషన్ గడువు అయిపోతుంది, సూపర్‌వైజర్ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. అందులో అందరూ భయపడేది ఏడో పాఠం, ప్రామాణిక విచలనం. "అది నాకొదిలెయ్ సుజాతమ్మా, నేను చూసుకుంటా" అన్నాను.

చరిత్ర అయితే ఎంత లావు పుస్తకమైనా లాగించేస్తాను. ఈ లెక్కలు మాత్రం మూడు వారాలు కూర్చున్నా తలకెక్కలేదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. చెప్పాల్సిన ఆదివారం తెల్లవారుజామునే బస్సెక్కి వేంపల్లెలో మా అక్క ఇంటికి పోయాను. ఫోన్ ఆపేశాను. మధ్యాహ్నం అక్కతో కలిసి మిద్దె మీద శనక్కాయలు ఎండబోశాను. రాత్రికి గానీ తిరిగి రాలేదు. ఆ రెండు బస్సు టికెట్లూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

తర్వాతి ఆదివారం, జ్వరమొచ్చిందని అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్లాను. నేను నోరు తెరవకముందే బాషా అందుకున్నాడు.

"ఏమన్నా, పోయిన వారం అంత బాగా చెప్పి, టీ గూడా తాగకుండా లేచిపోతివే! సారువైపోతివా యేం?"

దెప్పుతున్నాడనుకున్నాను. తల దించుకున్నాను.

"ఎగతాళి కాదన్నా" అంది సుజాతమ్మ. "రెండేండ్ల నుంచి బుర్రకెక్కనిది ఆ పొద్దు ఎక్కె. ఇదో, సూడు."

నోటుబుక్కు నా ముందు పెట్టింది. పేజీ పైన ఆ ఆదివారం తేదీ, నా పేరు. కింద రెండు చేల ఉదాహరణ. రెండింటి సగటు దిగుబడి ఒకటే. ఒక చేను ఏటా ఇంచుమించు అంతే ఇస్తుంది. ఇంకొకటి ఒక ఏడు విరగపండుతుంది, మరో ఏడు గింజ కూడా ఇవ్వదు. సగటు నుంచి ఆ ఎగుడుదిగుడు ఎంతో కొలిచేదే విచలనం. చేల పేర్లు కూడా రాసుకుంది: బాయిచేను, గుడ్డెద్దు చేను.

అవి మా నాయన చేలు. నా పెళ్లికి ముందే అమ్మేశాం. వాటి పేర్లు కర్నూలులో ఎవరికీ చెప్పలేదు.

నోటుబుక్కు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నా పాఠం నాకు అర్థమైంది ఆ పేజీ చదివాకే. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ముగ్గురం పాసయ్యాం. సుజాతమ్మ ఇప్పుడు సూపర్‌వైజర్.

ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టించారేమో అని చాలా రోజులు ఆలోచించాను. మరి చేల పేర్లు? అక్కను అడిగాను. సుజాతమ్మ, బాషా ఎవరో కూడా తనకు తెలియదంది.

ఈ మధ్య బాషా కలిస్తే, ఆ రోజు నేనెట్లా ఉన్నానని మాటల్లో పెట్టి అడిగాను.

"ఎప్పటి మాదిరే ఉంటివి. చేతులకు బండల దుమ్ము గూడా ఉండె. ఒగటే వింతన్నా. నడాన ఒక లెక్క కాడ ఆగి, 'ఇది నాకు తెల్దు, మల్లా సూసుకుందాం' అంటివి. నీ నోట్లో ఆ మాట మేం యానాడూ ఇనల్యా."

ఆ ఆదివారం నేను ఊళ్లోనే లేనని వాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే, మరి పాఠం చెప్పిందెవరని అడుగుతారు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. నాకు తెలియదు.