ఆర్ట్ సారు లేట్

చెప్తే నవ్వుతరు, నవ్వుకోండి. మొన్న ఒక పెద్దమనిషి జీపు దిగి, నడుసుకుంట లోపలికొచ్చి, తన ఫోటోకు నేనేసిన దండ తనే చూసుకున్నడు. అగర్బత్తులు గూడ ఇంక ఆరలే! అప్పటిసంది నాకు అన్నం సయిస్తలేదు.

మాది దుమ్ముగూడెం దారిల ఆడపిల్లల హాస్టల్ బడి. నేను అక్కడ ఆయమ్మను. ఐదు చదివిన. తెలుగైతే కూడబలుక్కొని చదువుత, ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుత, అంతే. మనుషులల్ల మాట్లాడాలంటేనే సిగ్గు నాకు. ఇగ ఫోన్ల అంటే చెమటలే.

మా డ్రాయింగ్ మేడంకు బొమ్మల పిచ్చి. ఆదివారమొస్తే భద్రాచలం పోయి నెట్ సెంటర్ల కూసుంటది. ఒక్కో బొమ్మ తెర మీద పైనుంచి కిందికి దిగేలోపల చాయ్ తాగి రావచ్చంట! దేశదేశాల బొమ్మలు, అవి గీసినోళ్ల ఫోటోలు, అన్ని సీడీలకెక్కించుకొచ్చి బడి కంప్యూటర్ల పెట్టింది. మంచి మంచియి ప్రింటౌట్లు తీయించింది. "మన పిల్లలు మ్యూజియంకు ఎప్పుడు పోవాలె ఆయమ్మా? మనమే గోడ మీదికి తేవాలె" అంటది.

ఆ బొమ్మలు సదిరే పని నాకు జెప్పింది. నాకు! చీపురు తప్ప ఏది ఇయ్యని చేతికి మౌసు ఇచ్చింది. చెట్లు, వాగులు ఒక ఫోల్డర్ల. మనుషులు ఒక ఫోల్డర్ల. బొమ్మను పట్టి గుంజుకొచ్చి సంచిల ఏసినట్టు ఏసుడే. గీసినోళ్ల ఫోటోలకు మాత్రం రెండు సంచులు. ఒకదాని మీద ఇంగ్లీషుల ఏదో రాసి ఉన్నది.

"ఇదేంది మేడం?"

"లేట్."

"లేట్ అంటే బస్సు రాకపోవుడు గదా?"

"అది వేరే ఆయమ్మా. పేరు ముందల రాస్తే చనిపోయినోళ్లని. మర్యాద మాట."

మర్యాద మాటంట! మంచిగ మనసుల పెట్టుకున్న. గోడకు గూడ గట్లనే అంటిచ్చినం. పైన బతికున్నోళ్ల వరస. కింద లేట్ వరస, దానికొక బోర్డు.

ఇంతల డ్రాయింగ్ పీరియడ్ ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని పై ఆఫీసుల మాటలు మొదలైనయ్. తీసేస్తే మేడం కాంట్రాక్టు పాయె, పిల్లల రంగులు పాయె. ఖమ్మం నుంచి బొమ్మలు గీసే పెద్దసారు ఒకాయన వచ్చి చూసి, ఏ సంగతో ఆఫీసుకు చెప్పాలంట. మేమందరం ఆయన్ని ఆర్ట్ సారు అనేటోళ్లం. ఆయన ఫోటో గూడ నెట్ల దొరికింది. పై వరసల నడిమిట్ల పెట్టినం.

ఆ రోజు పెద్ద మేడం మీటింగుకు పోయింది. డ్రాయింగ్ మేడం సారును తోలుకరాను భద్రాచలం పోయింది. బడిల నేను, వంట రాములమ్మ, పిల్లలు. సారు మెడల ఏసేతందుకు బంతిపూల దండ కట్టి తడిబట్టల చుట్టి పెట్టిన.

ఫోన్ మోగింది. ఎత్తిన. గుర్రుగుర్రుమని సప్పుడు, నడుమ మేడం గొంతు.

"ఆయమ్మా... ఆర్ట్... సార్ లేట్... పిల్లల్ని సైలెంట్‌గ కూసోబెట్టు..."

కట్!

మేడం అన్నది ఆర్ట్. నాకు ఇనబడ్డది హార్ట్. హార్టు, సారు, లేటు, సైలెంటు! ఇంకేం మిగిలింది చెప్పుండ్రి?

"ఏమైందే, గట్ల తెల్లవడ్డవ్?" అన్నది రాములమ్మ.

"ఆర్ట్ సారు పోయిండే!"

"అయ్యో! ఎట్లనే?"

"హార్టంట."

"నా బతుకు పాడుగాను, కోడిని కోస్తినే!"

మేడం నమ్మి పని అప్పజెప్పింది గదా, మర్యాదకు తక్కువ చెయ్యొద్దనుకున్న. సారు ఫోటోను పై వరస నుంచి మెల్లగ ఊడబీకి కింద లేట్ వరసల అంటిచ్చిన. బొట్టు పెట్టిన. ఆయన మెడకని కట్టిన దండ ఆయన ఫోటోకే ఏసిన. అగర్బత్తులు ముట్టిచ్చిన. అంతల పొద్దుగాల పోయిన కరెంట్ వచ్చింది. కంప్యూటర్ పెట్టి, అండ్ల గూడ సారును గుంజుకపోయి లేట్ ఫోల్డర్ల ఏసిన. ఎంత శ్రద్ధ చూడుండ్రి నాది!

పిల్లలు ఫోటో ముందల చేతులు కట్టుకొని నిలబడ్డరు. మూడో తరగతి పిల్ల ఒకతి, సారును ఎన్నడు చూడనే లేదు, అందరికంటె ఎక్కువ ఏడ్సింది. దాన్ని చూసి నేను. నన్ను చూసి రాములమ్మ.

గప్పుడు జీపు ఆగింది.

తలుపు కాడ సారు! ఫోటోల ఉన్న అదే గడ్డం, అవే అద్దాలు. పిల్లలు ఒక్క కేక పెట్టి రాములమ్మ ఎన్కకు ఉరికిండ్రు. రాములమ్మ నా ఎన్కకు. నాకు ఎన్క గోడ తప్ప ఏం లేదు.

సారు గోడ చూసిండు. దండ చూసిండు. బోర్డు చదివిండు.

"ఇది నేనేనా అమ్మా?"

"అవ్ సార్."

"ఎప్పుడు పోయిన?"

అబద్ధం రాని నోరు నాది. "ఇందాకనే సార్. హార్టంట."

సారు చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని బెంచీ మీద కూలబడ్డడు. నీళ్లిచ్చిన. సగం ఆయన జుబ్బ మీదనే పోసిన.

మేడం ఎన్కనే వచ్చింది. "టైరు పంచరైంది, లేట్ అయితది అని చెప్పినగదా ఆయమ్మా!"

"లేట్ అన్నది ఇనబడ్డది మేడం. పంచరే ఇనబడలే."

సారు పిల్లల బొమ్మలను గబగబ చూసిండు. చూసినంతసేపు దండ దిక్కే ఒక కన్ను. కోడికూర ముట్టలే. "ముందుగాల రాములవారి గుడికి పోనియ్యి" అని డ్రైవరుకు చెప్పి ఎల్లిపోయిండు. మేడం మెట్ల మీద కూసున్నది. నన్ను తిట్టినా బాగుండు, తిట్టలే. జల్దీ పోయి సారును కంప్యూటర్లనన్న బతికిద్దామని మౌసు పట్టుకుంటే, కరెంట్ పోయింది.

నిన్న మళ్ల ఫోన్ మోగింది. మేడం క్లాసుల ఉన్నది. చీరె కొంగుతోని చెయ్యి తుడుసుకొని ఎత్తిన. ఆఫీసు క్లర్కు.

"డ్రాయింగ్ పీరియడ్ లేట్ అని మీ మేడంకు చెప్పు."

పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి ఫోన్ల గట్టిగ మాట్లాడిన.

"ఏ లేటు సార్? చాయ్ తాగుకుంట ఆగాల్నా, దండ కట్టాల్నా?"