ఆదరణ కూడికలో నేను వేసిన ప్లేటు

మా పక్కింటి బాబాయిగారు బహ్రెయిన్‌లో ఒక హోటల్లో చాలా ఏళ్లు వంట చేసి, తొంభైల మొదట్లో రాజోలు తిరిగి వచ్చేశారు. అక్కణ్ణించి వచ్చినవాళ్లు బంగారం తెస్తారు, టేపురికార్డర్లు తెస్తారు. ఆయన ఒక సూట్‌కేసు నిండా టిఫిను పళ్లెమంతటి గ్రామఫోను ప్లేట్లు తెచ్చుకున్నారు. నాణెం వేస్తే పాట పాడే పెట్టె ఒకటి హోటల్లో పాడైపోతే, అందులోవి పారేస్తుంటే అడిగి తీసుకున్నారట. ఒక్కో వైపు ఒక్కటే పాట. అన్నీ అమెరికాలోని నల్లజాతివాళ్లు పాడినవే, చాలా మటుకు నేను పుట్టకముందువి.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. మొదటిసారి విన్నరోజే ఆ పాటలకు పడిపోయాను. వెనకాల ఆర్గన్, చప్పట్లు, ఒకావిడ గొంతు చించుకుని ఎవరినో పిలవడం. మా చర్చిలో పెద్దవాళ్లు ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకుంటే అచ్చం ఇలాగే ఉండేది. నా పిచ్చి చూసి బాబాయిగారు సూట్‌కేసు నాకే ఇచ్చేశారు. అది చాలక కాకినాడ రేవు దగ్గర పాత సామాన్ల కొట్లు గాలించాను. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లి, ఎవరో బంగళా ఖాళీ చేస్తుంటే అక్కడా అడిగాను. ఆ ప్లేట్ల నడుమ రంధ్రం పెద్దది, మన ప్లేయరు మీద నిలవదు. హవాయి చెప్పు రబ్బరు గుండ్రంగా కోసి అందులో బిగించేవాణ్ణి.

ఇంటికి ఎవరొచ్చినా పాట వినిపించి, అర్థం కూడా చెప్పేవాణ్ణి. నాది పాఠ్యపుస్తకాల ఇంగ్లీషు. ఆ పాటల్లో సగం మాటలు మింగేస్తారు. చెవికి అందిన నాలుగు మాటలకు మిగతావి నేనే అతికించుకునేవాణ్ణి. అలా అతికిస్తున్నానని నాకే తెలియదు.

బాబాయిగారు హఠాత్తుగా పోయారు. ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకు షామియానా వేశారు. పాస్టరుగారు బైబిలు వాక్యం చెప్పే ముందు పిన్నిగారు నన్ను పిలిచి, "ఆయనకిష్టమైన పాట ఒకటి వెయ్యి బాబూ" అన్నారు.

"అర్థం కూడా మీరే చెప్పండి, మాస్టారూ" అన్నారు పాస్టరుగారు.

"ఆయ్, అలాగేనండి" అని ప్లేటు వేసి, పాట అయ్యాక మైకు అందుకున్నాను. "ఒక ఆత్మ తలుపు తీసి ప్రభువు కోసం ఎదురుచూస్తోంది. తెల్లవారకముందే రమ్మని బతిమాలుతోంది" అని చెప్పాను. పిన్నిగారు కళ్లొత్తుకున్నారు. పాస్టరుగారు ఆ తలుపు మీదే చాలాసేపు వాక్యం చెప్పారు. బాబాయిగారి అమ్మాయి మస్కట్‌లో నర్సు, అక్కడ పొద్దస్తమానం ఇంగ్లీషువాళ్ల మధ్యే పని. తండ్రి చావుకని వచ్చి ముందు వరసలో తల వంచుకుని కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నా పాట మనసుని తాకిందని, సిగ్గులేకుండా, లోపల పొంగిపోయాను కూడా.

భోజనాల వేళ ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఆ పాటలో ఆవిడ పిలిచేది ప్రభువుని కాదండి."

"మరెవర్నమ్మా?"

"పక్కింటాయన్నండి. మొగుడు రాత్రి డ్యూటీకి వెళ్లేడు, తెల్లారేలోగా వచ్చి పొమ్మంటోంది. మధ్యమధ్య దేవుణ్ణి తలుచుకోవడం, మనం 'ఓరి దేవుడో' అంటాం చూడండి, అలాగ."

నా చెవులు కాలిపోయాయి. ఆ అమ్మాయి తండ్రి పోయిన దుఃఖంలో ఉండి కూడా, నవ్వు ఆపుకోలేక తల వంచుకుందని అప్పుడు అర్థమైంది.

"అమ్మకి చెప్పకండి. నాన్నగారికీ మాటలు తెలీవు, ఆ గొంతంటే ప్రాణం, అంతే" అంది.

ఇంతలో పాస్టరుగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "మాస్టారూ, ఆ పాట ఆదివారం ఆరాధనలో కూడా వేద్దామండీ. అందరికీ ఆదరణగా ఉంటుంది."

"వద్దండి, అయ్యగారూ."

"ఏమండీ?"

"అది దేవుడి పాట కాదండి. నేను తప్పు చెప్పేను."

"మరేం పాట?"

"సంసారం పాటండి" అన్నాను. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్లిపోయింది. పాస్టరుగారు ఆ అమ్మాయి వెళ్లినవైపు చూసి, నావైపు చూసి, మెల్లగా అన్నారు: "నేను దాని మీద వాక్యం చెప్పేసేను కదండీ."

ఆయన బైబిలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ ఆదివారం నుంచి చర్చిలో చివరి వరసలో కూర్చున్నాను. ఎవరైనా పాట వేయమంటే ప్లేయరు పాడైందనేవాణ్ణి.

ఆ అమ్మాయి మస్కట్ వెళ్లిపోయే ముందు సూట్‌కేసు మోసుకుని వాళ్లింటికి వెళ్లాను. పిన్నిగారు బజారుకు వెళ్లారు. ఒక్కో ప్లేటూ వేస్తుంటే తను విని అర్థం చెప్పింది. ఆరాధన అనుకున్నవాటిలో ఎక్కువ పడకగది పాటలే. నేను తల గోడవైపు తిప్పుకుని విన్నాను. తరవాత ఒక హుషారు పాట వేశాను. మా చెల్లెలి పెళ్లి విందులో దాన్ని మైకులో పెట్టించి, అందరిచేతా చప్పట్లు కొట్టించాను. అది వింటూ ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది.

"ఇది తమ్ముడు ఏట్లో కొట్టుకుపోతే అన్న పాడుకునే పాటండి. తాళం వదిలేసి గొంతు వినండి."

మళ్లీ విన్నాను. ఆ తాళం వెనకాల, నిజంగానే, ఒక మగవాడు ఏడుస్తున్నాడు. ఇన్నేళ్లూ నాకు వినపడలేదు.

"ఇంక చాలా, అన్నయ్యగారూ?" అంది తను జాలిగా.

"లేదమ్మా, రెండో వైపు కూడా చెప్పు" అని, తలెత్తకుండా ప్లేటు తిరగేశాను.