డిటెక్టివ్ కోటు లోపలి జేబు

మా బావ దర్జీ. నోరు తెరిస్తే జోకు. నవ్వినప్పుడు పొట్ట ఎంత పొంగుతుందో అది కూడా కొలిచి మరీ చొక్కా కుడతాడని వీధిలో పేరు. సరిగ్గా సరిపోయిన ప్యాంటునే మళ్లీ పట్టుకొచ్చి "కాస్త వదులు చెయ్యి" అంటూ కూర్చునేవాళ్లు ఎంతమందో! అంతా మా బావ కబుర్ల కోసమే. అంతటివాడికీ ఒక వెలితి ఉంది. మా అక్క నవ్వదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా బావ రచ్చ గెలిచి ఇంటి దగ్గర బోల్తా పడ్డాడు. అక్క ఆయన పక్కనే కూర్చుని గుండీలు కుడుతుంది, నేను ఎదురుగా కాజాలు కుడతాను. కొట్టంతా గొల్లున నవ్వినప్పుడు అక్క దారం కొరికి, "అయిందా? ఆ కత్తెర ఇలా ఇవ్వండి" అంటుంది.

ఒకరోజు ఎవరిదో ప్యాంట్ల సంచి అడుగున ఒక డిటెక్టివ్ నవల దొరికింది. "అదా, చెత్త. ఉంచుకోండి" అన్నాడు ఆ పెద్దమనిషి. మధ్యాహ్నం పని లేక అక్క దాన్ని తెరిచింది. కాసేపటికి గుండీల డబ్బా దబ్బున కింద పడింది. చూద్దును కదా, అక్క కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది.

"ఏమైందే?" అన్నాను కంగారుగా.

"మూడో అధ్యాయంలో చచ్చినవాడు ఏడో అధ్యాయంలో ఫోనెత్తి 'నేను ఇంట్లో లేను' అన్నాడే! డిటెక్టివేమో 'సరే, మళ్లీ చేస్తా' అని పెట్టేశాడు!"

మా బావ చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఎవడు రాశాడది?" అన్నాడు, ఇంట్లో దొంగ పడ్డట్టు.

ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే కడుపుమంట. అక్క పేజీ తిప్పితే చాలు, ఈయన మిషను దడదడా తొక్కుతాడు. అట్ట వెనక రచయిత ఫొటో చూసి, వాడి మీసాలకు కూడా వంక పెట్టాడు.

"బావా, ఆఖరికి పుస్తకం మీద కూడా ఈర్ష్యేనా?" అన్నాను.

"ఎందుకుండదే? నవ్వించాలని కూడా రాయలేదు వాడు! ఇన్నేళ్లుగా నేనిక్కడ గొంతు చించుకుంటుంటే, ఏమీ రానివాడొచ్చి నవ్వించి పోయాడు!"

నాకు జాలేసింది. నవ్వూ వచ్చింది. చివరికి వాడి గుట్టేమిటో తేల్చుకుందామని మా బావే ఆ నవల పట్టుకు కూర్చున్నాడు. ఉన్నట్టుండి పుస్తకాన్ని బల్లకేసి కొట్టాడు.

"ఈ డిటెక్టివ్‌కి బుద్ధుందా? కోటు లోపలి జేబులోంచి పిస్తోలు తీశాడు, సరే. టార్చి తీశాడు. తాడు తీశాడు. ఇప్పుడు నిచ్చెన తీస్తున్నాడు! మడత నిచ్చెనట! అంత బరువుకి లైనింగ్ ఆగుతుందా? భుజం కుట్లు పటపటా ఊడిపోవూ? ఆ కోటు కుట్టినవాడెవడో చెప్పమను, వెళ్లి కాళ్లు మొక్కుతా!"

ఇందులో వేళాకోళం రవ్వంత లేదు. ముఖం జేవురించింది. టేపు లాగి తన ఛాతీ మీదే ఆ జేబు కొలుస్తున్నాడు. అక్క పని ఆపి ఆయన్నే చూసింది. పెదవి కొరుక్కుంది, లాభం లేకపోయింది. మిషను మీద తల వాల్చేసి, ఊపిరాడనంతగా నవ్వింది.

"చూశావా, మళ్లీ వాడి వల్లే!" అన్నాడు బావ ఉక్రోషంగా.

"నీ వల్ల, బావా. నిన్ను చూసే."

నమ్మలేక అక్క వైపు తిరిగాడు. ఆవిడ నవ్వుతూనే తల ఊపింది. ఇంకేం, టేపు మెడలో వేసుకుని, గొంతు సవరించుకుని, మొదటినుంచీ మళ్లీ అందుకున్నాడు. ఈసారి అభినయంతో, నిచ్చెనకు ఇంకో రెండు మెట్లు కలిపి.

అక్క దారం కొరికింది. "అయిందా? ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

మర్నాడు మా బావ కొట్టుకు ఆలస్యంగా వచ్చాడు. చంకలో ఒక కట్ట పాత పుస్తకాలు, అన్నీ ఆ మీసాలవాడివే. వాటిని అక్క ఒళ్లో పడేసి మిషను ముందు కూర్చున్నాడు.

"చదువుకుని నవ్వుకో," అన్నాడు ముఖం మాడ్చుకుని. "వాడంటే నాకు గిట్టదని మాత్రం మర్చిపోకు."